‘రిలీజ్’ - మాట ఒక్కటే... అర్థాలెన్నో!

అబ్బాసియాలో తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే తప్పకుండా వినబడే ఇంగ్లీషు మాట ‘రిలీజ్’. ఒకరు కొత్త సినిమా రిలీజ్ ఎప్పుడని అడుగుతారు. ఇంకొకరు తన కఫీల్ రిలీజ్ ఇస్తాడో లేదోనని దిగులు పడుతుంటారు. మొదటి రిలీజ్ ఆలస్యమైతే వారాంతం వృథా, రెండోది ఆలస్యమైతే బతుకుతెరువే ఆగిపోతుంది. మరి ఈ మాట కథేమిటో చూద్దామా!

పుట్టుక

లాటిన్‌లో ‘రెలక్సారే’ అంటే వదులు చేయడం. అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి ‘రిలీజ్’ అయింది. ‘రిలాక్స్’ దీనికి తోబుట్టువు, ‘లీజు’ దగ్గరి చుట్టం. కాబట్టి రిలీజ్ అన్నచోట పట్టుకున్నవారు ఒకరుంటారు, వదలవలసినది ఒకటుంటుంది. ఈ రెండూ ఏమిటో తెలిస్తే అర్థం తెలిసినట్టే.

మన వాడుకలో

* సినిమాకు, ఖైదీకి ‘విడుదల’. పుస్తకానికైతే ‘ఆవిష్కరణ’. ప్రెస్ రిలీజ్ ‘పత్రికా ప్రకటన’. డ్యాము నుంచి నీళ్ళు ‘వదులుతారు’.
* నిధులు ‘మంజూరు’ కావడం వేరు, ‘విడుదల’ కావడం వేరు. మంజూరైనా చేతికి రానివి ఎన్నో!
* మాత్రల పేరు చివర ‘ఎస్.ఆర్.’ అని ఉంటే సస్టెయిన్డ్ రిలీజ్ అని అర్థం. మందు కొద్దికొద్దిగా విడుదలవుతుంది. అందుకే డాక్టరు చెబితే తప్ప వీటిని నమలకూడదు, పొడి చేయకూడదు. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకు ఈ సంగతి చెప్పండి.
* రిలీజ్ డీడ్ అంటే హక్కు విడుదల దస్తావేజు. ఉమ్మడి ఆస్తిలో తన వాటాను మిగతా వాటాదారులకు వదిలేస్తూ రాసేది. ఇక్కడ వదులుకునేది సంతకం చేసినవారే!
* మన సాఫ్ట్‌వేర్‌లో రిలీజ్ అంటే ప్రోగ్రాం వాడేవారి చేతికి అందడం. ‘రిలీజ్ క్యాండిడేట్’ అంటే ఇంకా అందలేదని.
* ఇండియా కంపెనీలు ఇచ్చేది ‘రిలీవింగ్’ లెటర్. పని బాధ్యత తీరిందని దాని అర్థం. దానికీ కువైట్ రిలీజ్‌కూ పోలిక లేదు.

కువైట్ రిలీజ్

అరబ్బీలో దీన్ని ‘తనాజుల్’ అంటారు. అంటే హక్కు వదులుకోవడం. కార్మికుడి మీద తనకున్న స్పాన్సర్ హక్కును కఫీల్ వదులుకుంటాడన్నమాట. అయితే అది మొదటి మెట్టు మాత్రమే. కొత్త యజమాని పేరు మీదికి అకామా మారడం ‘తహ్వీల్’. సంతకం అయింది కదా అని తహ్వీల్ కాకుండానే కొత్తచోట పనిలో చేరితే చట్టవిరుద్ధం. పట్టుబడితే దేశం పంపించేసే ప్రమాదం ఉంది. మంజూరుకూ విడుదలకూ ఉన్న తేడాయే ఇక్కడా!

ఏ వీసా అన్నది కూడా ముఖ్యం. ప్రైవేటు కంపెనీలవారిది 18వ ఆర్టికల్, ఇంటి పనివారిది 20వ ఆర్టికల్. మూడేళ్ళు పూర్తయ్యాక నోటీసు ఇచ్చి, యజమాని సమ్మతి లేకుండానే మారే వీలు 2016లో కంపెనీ కార్మికులకు కల్పించారు. ఇంటి పనివారికి అది వర్తించలేదు. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళలో పనిచేసేవారే! 20 నుంచి 18కి మారేందుకు 2024 జూలై 14 నుంచి సెప్టెంబరు 12 వరకు అవకాశం ఇచ్చినప్పుడూ కఫీల్ సమ్మతి కావలసి వచ్చింది.

18వ ఆర్టికల్ వారికి 2025 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఎగ్జిట్ పర్మిట్ వేరు. అది ప్రయాణానికి అనుమతే గాని రిలీజ్ కాదు.

రిలీజ్ దొరక్క, ఇల్లు వదిలి బయట తిరిగేవారిని మనవాళ్ళు ‘ఖల్లివెల్లి’ అంటారు. అరబ్బీలో ఆ మాటకు ‘వదిలెయ్’ అని అర్థం. ఎవరూ వదలనివారికే ఆ పేరు పడింది!

సంతకానికి ముందు

ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే కాగితం మీద ‘రిలీజ్’ అని ఉంటే మరీ జాగ్రత్త. ‘నాకు రావలసిన జీతం, సర్వీసు డబ్బు అంతా ముట్టింది, ఇక నాకే బాకీ లేదు’ అని దాని భావం కావచ్చు. అప్పుడు వదులుతున్నది కఫీల్ కాదు, కార్మికుడు. 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టంలో ఇలాంటి ఒప్పందాలకు వ్యతిరేకంగా కొంత రక్షణ ఉన్నా, సంతకం పెట్టాక పోరాడటం కష్టం.

ఇంగ్లీషు చదవడం మనకు వచ్చు. అరబ్బీ తెలిసిన సహోద్యోగి పక్క సీటులోనే ఉంటాడు. మన వీధిలో ఎవరైనా ‘రిలీజ్ కాగితం’ తెచ్చి చూపిస్తే మూడు సంగతులు చూడండి: వదులుతున్నది ఎవరు? దేన్ని? సివిల్ ఐడీలో స్పాన్సర్ పేరు మారిందా? మూడింటికీ జవాబు దొరికాకే ‘రిలీజ్ వచ్చింది’ అని చెప్పండి.