బిల్లు చట్టమయ్యేలోపు మన మాట ఎక్కడ చెప్పాలి?

లాబీయింగ్ అనగానే చాలామందికి సూట్‌కేసులే గుర్తొస్తాయి. లంచం వేరు, ఇది వేరు. చట్టాలు చేసేవాళ్లను కలిసి ‘మాకు ఇది కావాలి, అది వద్దు’ అని ఒప్పించడమే లాబీయింగ్. అమెరికాలో ఈ పని చేసేవాళ్లు 1995 నాటి చట్టం ప్రకారం పేరు నమోదు చేసుకుని, ఎవరి తరఫున పని చేస్తున్నారో, ఎంత సొమ్ము చేతులు మారిందో బయటపెట్టాలి. మన దేశంలో అలాంటి చట్టం లేదు. పని మాత్రం జరుగుతూనే ఉంటుంది. ఫిక్కీలాంటి వ్యాపార సంఘాలను బడ్జెట్‌కు ముందే ఆర్థిక శాఖ పిలిచి మరీ వింటుంది.

వాళ్లకూ మనకూ అసలు తేడా సమయంలోనే. వాళ్లు ముసాయిదా దశలోనే వెళ్తారు, మనం బిల్లు సభలో పెట్టాక టీవీ చూసి లేస్తాం. ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందు ఉంచాలని 2014లో కేంద్రం ఒక విధానం పెట్టుకుంది. అది చట్టం కాదు కాబట్టి చాలా బిల్లులకు పాటించరు.

తర్వాతి తలుపు పార్లమెంటరీ కమిటీ. 2024 ఆగస్టులో వక్ఫ్ సవరణ బిల్లు 31 మంది సభ్యుల సంయుక్త కమిటీకి వెళ్లింది. సూచనలకు ఇచ్చిన గడువు 15 రోజులు, అదీ ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాలి. తెలుగు, ఉర్దూ మాత్రమే వచ్చిన ముతవల్లీ ఏం చేయాలి? అయినా దేశమంతటి నుంచి 97 లక్షలకు పైగా వినతులు చేరాయి. కమిటీ హైదరాబాద్ కూడా వచ్చి విన్నది. చివరికి ప్రతిపక్ష సభ్యుల సవరణలన్నీ ఓటింగులో వీగిపోయాయి. 2025 ఏప్రిల్లో లోక్‌సభలో 288–232, రాజ్యసభలో 128–95 ఓట్లతో బిల్లు గట్టెక్కింది.

మరి ఆ వినతులన్నీ వృథాయేనా? పూర్తిగా కాదు. దస్తావేజు లేకుండా వాడుకవల్లే వక్ఫ్ అయిన ఖబరస్తాన్లు, మసీదుల సంగతే చూడండి. మొదటి బిల్లు ఆ పద్ధతినే తీసేసింది. అంతకుముందే రిజిస్టరైనవి వక్ఫ్‌గానే ఉంటాయన్న మాట కమిటీ దశలో చేరింది. వివాదంలో ఉన్నవాటికి, సర్కారు భూములకు మాత్రం ఈ రక్షణ లేదు. అంటే రిజిస్ట్రేషన్ కాగితం ఉన్నవాళ్లకే ఊరట.

సమాచార హక్కు కథ దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. రాజస్థాన్ కూలీలు పంచాయతీ బిల్లులు, మస్టర్ రోళ్ల నకళ్లు అడుగుతూ 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నాకు కూర్చున్నారు. వాళ్లు, వాళ్లకు తోడు నిలిచినవాళ్లు నినాదంతో ఆగకుండా ప్రెస్ కౌన్సిల్‌తో కలిసి ముసాయిదా చట్టమే రాయించారు. చట్టం 2005లో వచ్చింది, తొమ్మిదేళ్లకు!

కాబట్టి కమిటీకి రాసేటప్పుడు ‘బిల్లు వద్దు’ అని ఒక్క ముక్కతో సరిపెట్టకండి. ఫలానా క్లాజు, దానివల్ల మా ఊరి ఫలానా ఆస్తికి ఈ నష్టం, దాని బదులు ఈ వాక్యం పెట్టండి అని రాయండి. గెజిట్ కాపీ, రిజిస్ట్రేషన్ కాగితం జత చేయండి. కమిటీ ముందుకొచ్చి చెప్పాలనుకుంటే ఆ సంగతి కూడా అందులోనే రాయాలి. ఒక నకలు మీ ఎంపీకి స్వయంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.