జాబితాలోంచి పుట్టిన నాటకం

విజయనగరం మహారాజు ఆనంద గజపతి ఒక పట్టిక తయారు చేయించారు. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ల కాలంలో ఆడపిల్లకు వెలకట్టి చేసిన పెళ్లిళ్ల లెక్క అది. డబ్బు పుచ్చుకున్నామని ఎవరు ఒప్పుకుంటారు? అయినా 1,034 పెళ్లిళ్లు తేలాయి. వధువుల్లో ఐదేళ్ల వాళ్లు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ పసికందులు ఒక్కొక్కరు 350 నుంచి 400 రూపాయల దాకా పలికారు. కడుపులో ఉన్న బిడ్డకు కూడా ఒక్కోసారి బేరం కుదిరేది. ఈ లెక్కలన్నీ ‘కన్యాశుల్కం’ తొలి కూర్పుకు గురజాడ అప్పారావు ఇంగ్లీషులో రాసిన పీఠికలో ఉన్నాయి.

గురజాడ 1862లో యలమంచిలి దగ్గరి రాయవరంలో పుట్టారు. అప్పటి ఆ జిల్లా మనిషే. ఆ పట్టిక చూసిన సంస్కర్త ఎవరైనా ఉపన్యాసం రాస్తాడు. ఆయన నవ్వుల నాటకం రాశారు, అదీ మన ఇళ్లల్లో మాట్లాడుకునే తెలుగులో. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు దాన్ని మొదటిసారి ఆడారు. 1897లో పుస్తకమైంది. అంతటితో ఆయనకు తృప్తి కలగలేదు. 1909 నాటికి మొత్తం తిరగరాశారు. ఐదంకాలు ఏడయ్యాయి. మొదటి కూర్పులో చిన్న పాత్రగా ఉన్న వేశ్య మధురవాణి, రెండో కూర్పులో కథను నడిపించే మనిషైంది. ఈనాడు మనం చదివేది, ఆడేది ఈ రెండోదే.

నాటకంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది కరటక శాస్త్రి ఎత్తు. కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు తన చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు అమ్మబోతున్నాడు. ఏడ్చినా, మొత్తుకున్నా ఆగేలా లేడు. సుబ్బి మేనమామ కరటక శాస్త్రి వృత్తిరీత్యా నటుడు. మహారాజావారి నాటక కంపెనీలో విదూషకుడు. శిష్యుడు మహేశానికి ఆడవేషం కట్టి, తన కూతురని చెప్పి, తక్కువ ధరకు లుబ్ధావధాన్లుకు అంటగడతాడు. పెళ్లయ్యాక ఆ ‘పెళ్లికూతురు’ చీర విప్పేసి మాయమవుతుంది. పెళ్లాన్ని చంపేశాడని లుబ్ధావధాన్ల మీద కూనీ కేసు పడుతుంది. ధర్మశాస్త్రం, కన్నీళ్లు ఆపలేని పెళ్లిని ఒక వేషం ఆపింది! నాటకం ఏం చేయగలదో నాటకంలోనే చేసి చూపించారు గురజాడ.

ఆ కేసు తేలేది విశాఖపట్నంలోనే. వేశ్యల ముఖం చూడనని నియమం పెట్టుకున్న వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి మధురవాణి మగవేషంలో వస్తుంది. మహేశం వేషంతో ముడిపడిన చిక్కు మధురవాణి వేషంతో విడిపోతుంది.

ముసలి మొగుళ్ల పాలబడ్డ ఆడపిల్లల బాధను గురజాడ మరో రెండు ప్రక్రియల్లోనూ చెప్పారు. ‘పూర్ణమ్మ’ గేయకథలో ముసలివాడికి కట్టబెట్టిన పూజారి కూతురు చివరికి కొలనులో కలిసిపోతుంది. అక్కడ నవ్వు మచ్చుకైనా లేదు. ‘మెటిల్డా’ కథానికలో ముసలి మొగుడి ఇంట్లో నలిగే పడుచు భార్య ఉంది. జనాన్ని కూర్చోబెట్టి నవ్విస్తూ నిలదీయడానికి నాటకం, తల్లుల నోట పాడుకోవడానికి గేయం, ఒంటరిగా చదువుకోవడానికి కథ. దేనికి ఏది తగునో ఆయనకు బాగా తెలుసు.

సినిమా వాళ్లు ఈ సంగతి కొంత పట్టుకున్నారు. 1955లో వినోదా వారు పి. పుల్లయ్య దర్శకత్వంలో కన్యాశుల్కం తీశారు. నాటకంలోని మాటకారి మోసగాడు గిరీశంగా ఎన్టీ రామారావు, మధురవాణిగా సావిత్రి, సంగీతం ఘంటసాల. నాటకంలో లేని పూర్ణమ్మ గేయాన్ని సినిమాలోకి తెచ్చారు. విశాఖలో పుట్టిన శ్రీశ్రీ కవితను పాటగా మలిచారు. తెరమీద మధురవాణి మనసు దగ్గరగా కనిపించిందంటే సావిత్రి చలవే. అయితే ఏడంకాల లోకం రెండు మూడు గంటల్లో ఇమడదు. చిన్న పాత్రల మాటల్లో ఉన్న మజా చాలావరకు జారిపోయింది.

ఆ మజాను రంగస్థలం మీద కాపాడిన వారిలో జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి సోదరులను ముందు చెప్పుకోవాలి. ‘శంకరాభరణం’ సినిమాతో దేశమంతా ఎరిగిన సోమయాజులు అంతకు ముందే వేదిక మీద ఈ నాటకంలోని టక్కరి రామప్ప పంతులు. తమ్ముడు రమణమూర్తి గిరీశం వేషంతో, దర్శకత్వంతో దశాబ్దాల పాటు ఈ నాటకాన్ని ఊరూరా తిప్పారు. ఆ తర్వాత 2007లో వెల్చేరు నారాయణరావు అనువాదం అమెరికాలో అచ్చయి, ఇంగ్లీషు పాఠకులకూ ఇది చేరింది.

ఎవరు ఆడినా కుదించి ఆడవలసిందే, నిడివి అలాంటిది. కానీ విశాఖ సిరిపురంలో గురజాడ పేరిట ఒక కళాక్షేత్రం ఉంది. నాటకశాఖ ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయమూ ఈ ఊళ్లోనే ఉంది. ఆ రెండు సంస్థలూ కలిసి, రెండు మూడు రాత్రులు పట్టినా సరే, ఏడంకాలూ ఒక్క మాట తగ్గకుండా ఏడాదికోసారి ఆడించాలి. ఆ 1,034 పెళ్లిళ్ల జిల్లా ఈ నాటకానికి ఆ మాత్రం బాకీ ఉంది.