నారుమడిలో సున్నం చల్లేముందు ఈ కథ చదవండి

నారు ఎదగకపోతే మడిలో సున్నం చల్లమని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. చల్లేముందు ఆ సున్నం ఏ నేలకు పుట్టిన మందో తెలుసుకోండి.

మనం బ్యారన్లలో క్యూరింగ్ చేసే వర్జీనియా పొగాకు పేరు అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానిది. అక్కడ తరతరాలు పొగాకు, మొక్కజొన్న వేసి వేసి నేలలు చచ్చుబడ్డాయి. ఎరువు తోలినా ఫలితం లేక చాలామంది పొలాలొదిలి వలస పోయారు. ఎడ్మండ్ రఫిన్ అనే ఆసామి నేల పులిసిపోవడమే అసలు రోగమని పట్టుకున్నాడు. 1818లో గుల్లలున్న సుద్దమన్ను పొలానికి తోలించాడు. ఆ మన్ను తవ్వి మోసింది మాత్రం ఆయన కింది బానిసలు. పంట పెరిగింది. 1832లో దానిమీద పుస్తకమే రాశాడు.

వానలు ఎక్కువైన చోట నీళ్ళు నేలలోని సున్నాన్ని కడిగేస్తాయి. పులుపు పెరిగి అల్యూమినియం కరుగుతుంది, వేరుకు విషమవుతుంది. సున్నం ఆ పులుపును విరుస్తుంది.

1920ల నాటికి ఆ పొగాకు మన గుంటూరు వైపుకొచ్చింది. విత్తనం వచ్చింది గానీ ఆ నేల రాలేదు గదా! మన నల్లరేగడి దున్నితే సున్నపు గడ్డలే పైకి లేస్తాయి. పీహెచ్ చాలాచోట్ల 8 చుట్టూ ఉంటుంది. 7 కంటే తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం. క్షారం నేలలో ఇంకా సున్నం పోస్తే ఇనుము, జింకు మొక్కకు అందవు. లేత ఆకులు పాలిపోతాయి. ఎదగని నారు కోసం సున్నం వేస్తే ఉన్న నారూ పోతుంది, అదునూ పోతుంది.

మరి మన నారుకు సున్నంతో పనే లేదా? ఉంది, బోర్డో మిశ్రమంలో. ఫ్రాన్సులో దారిపక్క ద్రాక్షను దొంగలు తినకుండా మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవాళ్ళు. ఆ తీగలకు బూజుతెగులు రాలేదని మిలార్డే అనే శాస్త్రవేత్త గమనించి 1885లో లోకానికి చెప్పాడు. నారుకుళ్ళుకు మనం వాడేదీ అదే. ఉత్త తుత్తం నీళ్ళు పులుపు, లేత నారును మాడుస్తాయి. ఆ పులుపు విరవడానికే సున్నం. ఒక శాతం మందుకు కిలో తుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు. ఇనుప కత్తి ముంచి చూడండి. రాగిరంగు పట్టిందంటే సున్నం ఇంకా చాలలేదు.

మన సింగరాయకొండ చుట్టూ నల్లనేల, ఎర్రనేల, సముద్రం వైపు ఇసుకనేల అన్నీ ఉన్నాయి. పక్కవాడి మడి లెక్క మీ మడికి పనికిరాదు. మట్టి పరీక్ష చేయించండి. కార్డులో పీహెచ్ 6 కంటే తక్కువుంటేనే సున్నం మాట. 8.5 దాటితే వ్యవసాయాధికారిని అడగాల్సింది జిప్సం గురించి.

మీ కార్డులో ఎంతుందో కింద రాయండి, నలుగురికీ ఉపయోగం.