ఫ్రిష్‌క్నెఖ్ట్ కుటుంబం

ఫ్రిష్‌క్నెఖ్ట్ కుటుంబం స్విట్జర్లాండుకు చెందిన సైకిలు క్రీడాకారుల కుటుంబం. తాత పీటర్, తండ్రి థామస్, కుమారుడు ఆండ్రి అంతర్జాతీయ పోటీలలో పాల్గొన్నారు. వీరిలో థామస్, ఆండ్రి మౌంటెన్ బైక్ పందేలలో పేరు పొందారు. మౌంటెన్ బైక్ అనగా కొండదారులలో, రాళ్ళమీద, చెట్లవేళ్ళమీద తొక్కడానికి వీలుగా వెడల్పాటి టైర్లతో తయారైన సైకిలు. ఈ క్రీడ 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో రూపుదిద్దుకుంది. క్రీడ వయసు తక్కువ కావడం వలన, తండ్రి, బిడ్డ ఇద్దరూ ఇందులోనే అత్యున్నత స్థాయిలో పోటీపడిన కుటుంబాలు ఇప్పటికీ అరుదు.

పీటర్

పీటర్ ఫ్రిష్‌క్నెఖ్ట్ 1946లో జన్మించాడు. అతని కాలానికి మౌంటెన్ బైక్ పోటీలు లేవు. అతడు సైక్లోక్రాస్ క్రీడాకారుడు. సైక్లోక్రాస్ ఐరోపాలో చలికాలంలో జరిగే పందెం. బురద నేలల్లో సాగే ఈ పందెంలో, తొక్కడానికి వీలులేని చోట పోటీదారులు దిగి సైకిలును భుజాన వేసుకొని పరుగెత్తుతారు. పీటర్ దురదృష్టమేమంటే, అతని దేశంలోనే ఆల్బర్ట్ జ్వైఫెల్ అనే మేటి క్రీడాకారుడు ఉండడం. జ్వైఫెల్ 1976 నుండి 1979 వరకు వరుసగా నాలుగుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు. ప్రపంచ పోటీలలో పీటర్ అతని వెనుక రెండవ స్థానంతో సరిపెట్టుకోవలసి వచ్చింది, అదీ ఒక్కసారి కాదు.

థామస్

థామస్ ఫ్రిష్‌క్నెఖ్ట్ 1970 ఫిబ్రవరి 17న జన్మించాడు. అభిమానులు అతనిని "ఫ్రిషి" అని పిలుస్తారు. తండ్రి బాటలోనే సైక్లోక్రాస్‌తో మొదలుపెట్టి 1991లో ఆ క్రీడ అమెచ్యూర్ విభాగంలో ప్రపంచ విజేతగా నిలిచాడు. బురదలో బండిని అదుపుచేయడం, దిగడం, మళ్ళీ ఎక్కడం బాల్యం నుండి అలవాటైనందున కొత్త క్రీడ అతనికి త్వరగా పట్టుబడింది. 1990లో అమెరికాలోని డురాంగోలో జరిగిన తొలి అధికారిక మౌంటెన్ బైక్ ప్రపంచ పోటీల క్రాస్ కంట్రీ పందెంలో, ఇరవై యేళ్ళ థామస్ అమెరికాకు చెందిన నెడ్ ఓవరెండ్ వెనుక రెండవ స్థానం పొందాడు. 1992, 1993, 1995 సంవత్సరాలలో ప్రపంచకప్ మొత్తం విజేత అతడే. అయినా ప్రపంచ ఛాంపియన్ అనే బిరుదు మాత్రం, తండ్రికి వలెనే, చేతికందలేదు.

1996లో మౌంటెన్ బైక్ తొలిసారి ఒలింపిక్ క్రీడలలో చేరింది. అట్లాంటా క్రీడలలో నెదర్లాండ్స్‌కు చెందిన బార్ట్ బ్రెంట్యెన్స్ స్వర్ణం, థామస్ రజతం, ఫ్రాన్స్‌కు చెందిన మిగేల్ మార్టినెజ్ కాంస్యం గెలుచుకున్నారు. అదే సంవత్సరం ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో థామస్ మళ్ళీ రెండవవాడు. మొదటివాడు ఫ్రాన్స్‌కు చెందిన జెరోమ్ షియోటి.

ఆలస్యంగా అందిన పతకం

2000లో షియోటి ఒక పత్రికతో మాట్లాడుతూ తాను నిషిద్ధమైన ఇ.పి.ఓ. వాడినట్లు బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఇది రక్తంలో ఎర్రకణాలను పెంచి, కండరాలకు అందే ప్రాణవాయువును అధికం చేసే మందు. 1996లో దీనిని పసిగట్టే పరీక్ష లేదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లోనే అటువంటి పరీక్ష మొదటిసారి అమలైంది. అంటే షియోటిని పట్టించినది ప్రయోగశాల కాదు, అతని నోటిమాటే. అతడు తన పతకాన్ని థామస్‌కు అప్పగించాడు. 1996 ప్రపంచ విజేతగా ఇప్పుడు థామస్ పేరే కనిపిస్తుంది. న్యాయం జరిగిందనే చెప్పాలి. కానీ కెయిర్న్స్ వేదికపై తన దేశపు గీతం వినే అవకాశం ఆ నాలుగేళ్ళ తరువాత ఎవరూ తెచ్చి ఇవ్వలేరు.

2003లో లుగానోలో జరిగిన మారథాన్ ప్రపంచ పోటీలలో థామస్ అందరికంటే ముందుగా గీత దాటాడు. సొంత దేశంలో, ముప్పై మూడేళ్ళ వయసులో వచ్చిన ఈ విజయానికి ఎవరి ఒప్పుకోలూ అవసరం కాలేదు. 2008లో పోటీల నుండి విరమించి, తాను తొక్కిన జట్టుకే నిర్వాహకుడయ్యాడు. స్కాట్ కంపెనీ పేరుతో నడిచిన ఈ జట్టులో నీనో షుర్టర్ ఎదిగి, పది ప్రపంచ బిరుదులు, 2016 రియో ఒలింపిక్ స్వర్ణం గెలుచుకున్నాడు.

ఆండ్రి

ఆండ్రి 1994లో జన్మించాడు. తండ్రి అట్లాంటాలో రజతం గెలిచేనాటికి అతని వయసు రెండేళ్ళు. పెరిగి పెద్దవాడై తండ్రి నడిపే జట్టులోనే చేరి ప్రపంచకప్ క్రాస్ కంట్రీ పందేలలో పోటీపడ్డాడు. తాత ఆడిన సైక్లోక్రాస్‌ను కూడా వదలలేదు.

తండ్రే నిర్వాహకుడైతే సౌకర్యమూ ఉంది, ఇబ్బందీ ఉంది. పందెం నడుస్తుండగా బయటివారి సహాయం నిర్ణీత స్థలాలలోనే అనుమతిస్తారు. అక్కడ నీళ్ళసీసా అందించవచ్చు, చక్రం మార్చవచ్చు. ఆ గీత దాటిన తరువాత తండ్రి అయినా ప్రేక్షకుడే. పేరు వలన తలుపులు త్వరగా తెరుచుకుంటాయి, పోలికలు కూడా అంతే త్వరగా మొదలవుతాయి.

ఒలింపిక్ స్థానాలు ఒక్కొక్క దేశానికి పరిమితం. పురుషుల క్రాస్ కంట్రీలో ఒక దేశం నుండి రియోలోనూ, 2021లో జరిగిన టోక్యో క్రీడలలోనూ గరిష్ఠంగా ముగ్గురికి, 2024 పారిస్‌లో ఇద్దరికి మాత్రమే అవకాశం ఉండేది. షుర్టర్, మథియాస్ ఫ్లూకిగర్ వంటివారున్న స్విట్జర్లాండులో ఈ స్థానాలకు తీవ్రమైన పోటీ ఉండేది. ఈ మూడు క్రీడలలోనూ ఆండ్రికి చోటు దక్కలేదు. తండ్రి పెంచిన జట్టులోని షుర్టర్ మాత్రం మూడింటిలోనూ పోటీపడ్డాడు.

మార్టినెజ్ కుటుంబంతో పోలిక

అట్లాంటా కాంస్య విజేత మిగేల్ మార్టినెజ్‌ది కూడా మూడు తరాల కథే. అతని తండ్రి మరియానో 1974 ప్రపంచ రోడ్డు పందెంలో మూడవ స్థానం, 1978 టూర్ డి ఫ్రాన్స్‌లో పర్వతారోహకుల బహుమతి పొందాడు. మిగేల్ రోడ్డును కాదని కొండదారి పట్టి 2000లో సిడ్నీ స్వర్ణాన్ని, అదే యేడు ప్రపంచ బిరుదును సాధించాడు. మిగేల్ కుమారుడు లెన్నీ 2003లో జన్మించి, తాత దారైన రోడ్డు పందేలకే మళ్ళాడు. 2023 స్పెయిన్ పర్యటన పందెంలో, ఇరవై యేళ్ళకే, అగ్రస్థానపు ఎర్ర చొక్కా ధరించాడు.