ఎన్యే: ఒక అక్షరం మీద అంగడి పెత్తనం

లిపి కేవలం సాంకేతిక విషయమనీ, సామాజిక చరిత్రతో దానికి పనిలేదనీ అనుకునేవారు మనలో ఇంకా ఉన్నారు. స్పానిష్ భాషలోని ఒక్క అక్షరం కథ ఈ అభిప్రాయాన్ని పూర్వపక్షం చేస్తుంది.

ఆ అక్షరం పేరు ఎన్యే. రోమన్ 'ఎన్' నెత్తిన చిన్న అలగీత ఉంటే అది ఎన్యే. మన 'ఞ'కు దగ్గరి ధ్వని. లాటిన్‌లో సంవత్సరాన్ని 'అన్నుస్' అంటారు. అందులోని జంట నకారాన్ని మధ్యయుగపు లేఖకులు, చోటూ శ్రమా కలిసిరావడానికి, ఒక నకారంగా రాసి రెండోదాన్ని దాని నెత్తికెక్కించారు. చేతిపనిలోంచి పుట్టిన అక్షరమిది. ఆ గీత తీసేస్తే సంవత్సరమని అర్థమిచ్చే 'ఆన్యో' కాస్తా 'ఆనో' అవుతుంది. దాని అర్థం గుదం!

1963లో అమెరికాలో రూపొందిన ఆస్కీ సంకేత ప్రమాణంలో ఉన్నవి 128 స్థానాలు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, విరామచిహ్నాలు, యంత్రానికిచ్చే ఆజ్ఞలతో అవి నిండిపోయాయి. ఎన్యేకు చోటు లేదు. తర్వాత స్థానాలు 256కు పెరిగినా ఎవరి పట్టిక వారిదే అయింది. ఐబీఎం పీసీలో ఎన్యే సంఖ్య 164, మెకింటోష్‌లో 150, విండోస్‌లో 241. స్పానిష్ కీబోర్డు మీద 'ఎల్' పక్కన ఎన్యేకు సొంత మీట ఉంది. అమెరికన్ కీబోర్డు మీద ఆ చోట సెమీకోలన్ ఉంటుంది. ఆ కీబోర్డు ముందు కూర్చున్న స్పానిష్ రచయిత విండోస్‌లోనైతే ఆల్ట్ నొక్కిపట్టి అంకెల మీటలపై 0241 కొట్టాలి. మెకింటోష్‌లోనైతే ఆప్షన్‌తో ఎన్ నొక్కి, మళ్లీ ఎన్ నొక్కాలి. లినక్స్‌లోనైతే కంపోజ్ మీటను ఏర్పాటు చేసుకుని, దాని తర్వాత అలగీత, ఎన్ కొట్టాలి.

ఒక విచిత్రం గమనించాలి. పాత డాస్ యంత్రంలో 164గా దాచిన ఎన్యేను మార్పిడి చేయకుండా విండోస్‌లో తెరిస్తే అక్కడ కనిపించేది ఏ దేశానికీ చెందని కరెన్సీ చిహ్నం. ఇది యాదృచ్ఛికమే. కానీ చరిత్ర కూడా ఆ దారినే నడవబోయింది.

ఎన్యే లేని కీబోర్డుల అమ్మకాన్ని స్పెయిన్ తన నిబంధనలతో అడ్డుకుంది. అవి స్వేచ్ఛా వ్యాపారానికి ఆటంకమని 1991లో యూరోపియన్ కమ్యూనిటీ అభ్యంతరం చెప్పింది. స్పానిష్ భాషా అకాడమీ నిరసించింది. గార్సియా మార్క్వెజ్ కలం పట్టాడు. తక్కిన లాటిన్ సంతతి భాషలు రెండక్షరాలతో రాసే ధ్వనిని ఒక్క అక్షరంతో రాయగలగడం సాంస్కృతిక ముందంజ అని వాదించాడు. చివరికి 1993 ఏప్రిల్‌లో స్పెయిన్ ప్రభుత్వం, సంస్కృతి రక్షణకు మాస్ట్రిక్ట్ ఒడంబడిక ఇచ్చిన మినహాయింపును ఆధారం చేసుకుని, ఎన్యేను డిక్రీతో నిలబెట్టింది. ఈలోగా 1991లో వెలువడిన యూనికోడ్ అన్ని యంత్రాలకూ ఒకే సంఖ్యగా 241నే స్థిరపరిచింది.

ఇది విజయమే. అయితే ఎవరి విజయం? ఇక్కడ ఆగిపోతే మనది సగం చరిత్రే అవుతుంది. 1492లో, కొలంబస్ ఓడలు బయలుదేరిన ఏడే, నెబ్రిహా తన స్పానిష్ వ్యాకరణాన్ని రాణికి అంకితమిస్తూ భాషను సామ్రాజ్యానికి తోడుగా వర్ణించాడు. ఎన్యే ఆ ఓడల వెంటే దక్షిణ అమెరికా చేరింది. పరాగ్వేలోని గ్వారానీ ప్రజలు దాన్ని తమదిగా చేసుకున్నారు. వారి భాషకు వారు పెట్టుకున్న పేరులోనే ఎన్యే ఉంది. కానీ గ్వారానీకి తనదైన మరో అక్షరం ఉంది: 'జీ' మీద అలగీత. 1992 రాజ్యాంగం గ్వారానీని స్పానిష్‌తోపాటు అధికార భాషను చేసినా, యూనికోడ్‌లో ఆ అక్షరానికి ఈనాటికీ సొంత సంఖ్య లేదు. జీకి ఒకటి, గీతకు మరొకటి కలిపి కూర్చుకోవాలి. ఎన్యే వెనుక రాజ్యముంది, అకాడమీ ఉంది, పెద్ద మార్కెట్ ఉంది. గ్వారానీ అక్షరం వెనుక మాట్లాడే జనం మాత్రమే ఉన్నారు.

ఇది మనకు పరాయి కథ కాదు. 'చాలు', 'జొన్న' అన్నప్పుడు మన నాలుక మీద ఆడే దంత్య చ, జలకు యూనికోడ్‌లో చోటు దొరికింది 2008లో. తెలుగు పట్టిక వెలువడిన పదిహేడేళ్ల తర్వాత! అక్షరాల పట్టికను యంత్రనిపుణులకూ వ్యాపారులకూ వదిలేసి, రచయితలు కవిత్వం మాత్రమే చూసుకుంటే సరిపోదు. ఆ పట్టికలో ఎవరికి చోటుందో, ఎవరికి లేదో అడగడం కూడా సాహిత్య విమర్శ పనే.