చెన్నపురియు మూలకణాన్వేషణమును

మూలకణాన్వేషణ మనగానే జెనీవా నగర సమీపమున, భూగర్భమునందు 27 కిలోమీటర్ల చుట్టుకొలతతో నిర్మింపబడిన మహాయంత్రము మన తలంపునకు వచ్చును. కాని ఆ అన్వేషణచరిత్రలో మన చెన్నపురికిని ఒక అధ్యాయము కలదు. అది యంత్రముతో గాక గణితముతో మొదలైనది. దానిని సంఘసభ్యులకు నివేదించుటయే ఈ వ్యాసోద్దేశము.

యంత్రములు బలపడుటకు పూర్వము భౌతికశాస్త్రజ్ఞులకు క్రొత్తకణములను ప్రసాదించినది ఆకాశమే. 1932లో పాజిట్రాను, 1936లో మ్యువాను, 1947లో పయాను విశ్వకిరణములయందే కనుగొనబడినవి. విశ్వకిరణములలోని ఒక కణము వాయుమండలమును తాకినపుడు దానినుండి కొన్నియు, వానినుండి మరికొన్నియు పుట్టి జల్లువలె నేలకు దిగును. ఏ జల్లున ఎన్ని కణములు పుట్టునో ముందుగా చెప్పుట అసాధ్యము. సంభావ్యతను మాత్రమే గణింపవచ్చును. ఈ గణితమునకు మార్గము చూపినవారిలో చెన్నపురివారగు ఆచార్య అల్లాడి రామకృష్ణన్‌గా రొకరు.

వీరు 1923లో జన్మించిరి. తండ్రి, నెల్లూరు మండలమునందలి పుదూరున జన్మించి, భారత రాజ్యాంగ రచనాసంఘమున సభ్యులైన అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు. రామకృష్ణన్‌గారు బొంబాయిలో హోమీ భాభాగారికడ పరిశోధన మారంభించి, మాంచెస్టరున డాక్టరు పట్టమంది, మద్రాసు విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. మైలాపురమున తమ గృహమగు ఏకామ్రనివాసమున విద్యార్థులను చేర్చి నవీనభౌతికశాస్త్ర గోష్ఠులు నడపిరి. 1960లో భారతదేశమునకు వచ్చిన నీల్స్ బోరు మహాశయుడు ఆ గోష్ఠిని చూచి ప్రశంసించెను. తత్ఫలితముగా ప్రభుత్వముయొక్క దృష్టి దానిపై ప్రసరించినది. 1962 జనవరి 3న గణితశాస్త్ర సంస్థ స్థాపితమైనది. ఆచార్య సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖరుగారు ప్రారంభోత్సవము గావించిరి. రామకృష్ణన్‌గారు 1983 వరకు దానికి అధ్యక్షులు. నేడా సంస్థ తారామణిలో నున్నది.

ఇంటి గోష్ఠికిని, జెనీవా యంత్రమునకును సంబంధమేమని పాఠకులు ప్రశ్నింపవచ్చును. సంబంధము సంభావ్యతయే. ఆ యంత్రమున ప్రోటానుల గుంపులు రెండు దిక్కులనుండి కాంతివేగమునకు మిక్కిలి చేరువైన వేగముతో వచ్చి ఢీకొనును. ఆ శక్తిలో కొంత ద్రవ్యముగా మారి క్రొత్తకణము పుట్టవచ్చును. అది పుట్టిన క్షణమునందే నశించును. శాస్త్రజ్ఞునికి చిక్కునవి దాని శకలములు మాత్రమే. అట్టి శకలములు పాతకణములనుండియు పుట్టుచుండును. కావున చూచినది క్రొత్తకణపు జాడయా, కాకతాళీయమా యను ప్రశ్న తప్పదు. కాకి వ్రాలినంత మాత్రమున తాటిపండు రాలినదని నిశ్చయింపరాదు గదా!

అందుచే ఒక కఠినమైన కట్టుబాటు ఏర్పడినది. కణమే లేకుండ కేవలము యాదృచ్ఛికముగా అట్టి ఫలితము వచ్చు అవకాశము, సుమారు 35 లక్షలలో ఒకటి కంటె మించరాదు. అపుడే దానిని ఆవిష్కారమందురు. 1964లో ఊహింపబడిన హిగ్సు కణము ఈ పరీక్షకు నిలిచి, 2012 జూలై 4న ప్రకటింపబడెను. దాని ద్రవ్యరాశి ప్రోటానుకంటె సుమారు 133 రెట్లు. ఆ ఆవిష్కారమున పాల్గొన్న రెండు మహాప్రయోగములలో నొకటియగు సి.ఎం.ఎస్.లో ఐ.ఐ.టి. మద్రాసు నేడు సభ్యసంస్థ. రామకృష్ణన్‌గారు 2008 జూనులో దివంగతులైరి. ఆ యంత్రమున ప్రోటానులు మొదటిసారి ప్రదక్షిణము చేసినది అదే సంవత్సరము సెప్టెంబరు 10న.

అటుపిమ్మట క్వార్కుల కూడికచే నేర్పడిన కణములు పెక్కు దొరకినవి కాని, హిగ్సువలె మూలకణమనదగినది మరియొకటి నేటివరకు దొరకలేదు. దీనిని వైఫల్య మనరాదు. ఇంత ద్రవ్యరాశిలోపల ఇట్టి కణము లేదని తేల్చుటయు విజ్ఞానమే. తొందరపడి ఉన్నదనుటకంటె ఓర్పుతో లేదనుట కష్టతరము.

ఈ నగరమున తెలుగు బోధించు మనకు ఇందొక కర్తవ్యము తోచుచున్నది. మన బడులకు తారామణి దూరదేశము కాదు. సంభావ్యతను పాచికలతో, నాణెములతో బోధించి అంతటితో ఆగక, ఈ చరిత్రను గూడ మన మాటలలోనే చెప్పవలెను. విశ్వరహస్యమును వెదకుట పరభాషలకే చెల్లునని మన పిల్లలు తలంపకుండుటకు అదియే ఉపాయము.