కర్తృత్వము, శిక్షార్హత: హార్టు పండితుని విచారము

“గాలి చెట్టును గూల్చెను” అన్నప్పుడు గాలి కర్త యగుటను గూర్చి వైయాకరణులలో నెవ్వరికిని సందియము లేదు. పాణిని స్వాతంత్ర్యమును గర్తృలక్షణముగాఁ జెప్పెను. ఆ స్వాతంత్ర్యము వక్త వివక్ష ననుసరించునదే కాని చైతన్యమునకుఁ గట్టుపడినది కాదని శాస్త్రజ్ఞుల మతము. కావుననే “గొడ్డలి నఱకుచున్నది” అనునదియు సాధువాక్యమే. ఐనను ఏ న్యాయస్థానమును గాలిని గాని గొడ్డలిని గాని పిలిపించి శిక్షింపదు. శబ్దశాస్త్రమునందలి కర్తకును దండనీతియందలి కర్తకును నడుమఁ గల యీ యంతరమును ఇరువదవ శతాబ్దమున మిక్కిలి సూక్ష్మముగాఁ బరిశీలించిన వారిలో ఆంగ్ల తత్త్వవేత్త హెర్బర్టు హార్టు (1907-1992) ముఖ్యుఁడు. ఇతఁడు మొదట లండనున బారిస్టరు. యుద్ధానంతరమున ఆక్సుఫర్డులోఁ దత్త్వశాస్త్రమును బోధించి, 1952లో నచ్చటనే న్యాయమీమాంసాచార్యపీఠము నధిష్ఠించెను.

“వాఁడు చేసెను” అను వాక్యము జరిగినదానిని వర్ణించునది కాదు, ఆ పనిని వానిపై మోపునది యని హార్టు 1949 నాఁటి వ్యాసమున వాదించెను. మోసము, బలాత్కారము, భ్రాంతి మొదలగు నాక్షేపణలలో నొకటి నిలిచినచో నొడంబడిక చెడును. అట్లే తగిన యాక్షేపణ నిలిచినచోఁ గర్తృత్వమును జెడునని యతని మతము. చూచుటకు ఇది మన వివక్షావాదమునకుఁ జుట్టమే. కాని వక్త తన యిచ్చ వచ్చినట్లు వివక్షింపవచ్చును. న్యాయాధిపతికి సాక్ష్యమును నియమమును దాఁటి వివక్ష లేదు. ఈ వాదమును 1960లోఁ బీటరు గీచి యను తార్కికుఁడు ఖండించెను. “వాఁడు చేసియుండినచో శిక్షార్హుఁడు” అన్నప్పుడు “చేసియుండినచో” అనుదానిలో మోపుట యెక్కడిది? ప్రశ్న చిన్నది, దెబ్బ పెద్దది. హార్టు దానికిఁ దలయొగ్గి, 1968లోఁ బ్రకటించిన తన వ్యాససంపుటమున నా వ్యాసమును జేర్పక విడిచెను. పూర్వపక్షము బలమైనచో సిద్ధాంతమునే విడుచు పండితులు ఏ దేశమునను దఱచుగాఁ గానరారు.

అతని వాదములలో దృఢమైనది 1958 నాఁటిది. మనుష్యుని పనులెల్లఁ బూర్వకారణములచే నియతములైనచో శిక్ష యన్యాయము కాదా యను చిరకాల ప్రశ్నకు హార్టు వేఱొక త్రోవఁ జూపెను. భ్రాంతిచేఁ గాని బలాత్కారముచేఁ గాని వ్రాసిన వీలునామా చెల్లదు, వివాహమును నట్లే. ఏల యనఁగా, తన కోరికచేఁ దన భవిష్యత్తును దాను దిద్దుకొనుట మనుష్యునకు విలువైనది. నియతివాదము నిజమైనను గాకున్నను నీ విలువ తఱుగదు. దండనీతియందును మన్నింపులు దీనినే కాపాడును. తెలియక చేసినవానిని సైతము శిక్షించు రాజ్యమున నెవఁడును దన బ్రతుకును ముందుగా నేర్పఱచుకొనలేఁడు. మఱుసటి సంవత్సరమున నితఁడు శిక్షకుఁ బ్రయోజనము లోకహితమే యనియు, ఐనను ఆ హితమునకై నేరము చేయనివానిని దండింపరాదనియు వేర్వేఱుగాఁ జూపెను. ఈ రెంటిని గలిపివేయుటయే పూర్వుల కలహములకుఁ గొంత మూలము.

1963లో బార్బరా వూటన్ విదుషి, నేరనిర్ణయమున మనోభావమును విచారింపక, పిదప నేమి చేయవలెనను నప్పుడే దానిని జూడవలెనని చెప్పెను. అట్లయినచోఁ గాలుజాఱి యొకనిపైఁ బడినవాఁడును, గొట్టవలెనని పైఁబడినవాఁడును మొదట నొక్కటే యగుదురు. హార్టు దీని నంగీకరింపలేదు.

ఉన్మాద విషయమున నతని యాక్షేపణ వేఱు. 1843లో మక్‌నాటన్ అభియోగము ననుసరించి యేర్పడిన సూత్రములు తెలివినే చూచెను. తాను చేయు పని యెట్టిదో, అది తప్పో కాదో వ్యాధివలన నెఱుఁగనివానికే మన్నింపు. ఎఱిఁగియుఁ దన్నుఁ దాను నిలుపుకొనలేనివానికి వానిలోఁ జోటు లేదు. హార్టు దీనిని లోపముగా నెంచెను. ఇంగ్లండున 1957 నాఁటి చట్టము హత్యాభియోగములందుఁ దఱిగిన బాధ్యత యను వాదము నంగీకరించి యీ కొఱఁతను గొంత తీర్చెను. భారతదేశమున 1860 నాఁటి శిక్షాస్మృతిలోని 84వ సెక్షను తెలివినే ప్రమాణముగాఁ గొనెను. 2024 జూలై 1వ తేదీన నా స్మృతికి మాఱుగా నమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 22వ సెక్షనులో నా నియమమునే నిలుపుకొన్నది.